గోదారి గట్టున ఆ ఏడాది రాబడి

నాసిక్ జిల్లా త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు సాగే గోదావరి పొడవునా 2020 మార్చి 25 నుంచి ఒకటే లాక్‌డౌన్. ఇంట్లోకి వచ్చే రాబడి మాత్రం రేవు రేవుకూ ఒక తీరు. ఆ ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో దేశ స్థూల ఉత్పత్తి 23.9 శాతం పడిపోయిందనీ, వ్యవసాయం 3.4 శాతం పెరిగిందనీ కేంద్రం తొలి అంచనా. పొలం ఉన్నవాడు గట్టెక్కాడు, లేనివాడు మునిగాడు అని తేల్చేయడానికి ఈ రెండు అంకెలు వీలిస్తాయి. నది వెంట దిగివస్తే సంగతి అంత సులువుగా తేలదు.

నాసిక్‌లోనే ఆ లెక్క తప్పింది. అక్కడి ద్రాక్ష రైతుకు పొలం ఉంది, పంట కూడా ఉంది. ఎగుమతులు మందగించి, ఊళ్లలో మార్కెట్లు మూతపడ్డాక కొందరు ఆ పండ్లను ఎండబెట్టి కిస్‌మిస్ చేసుకున్నారు. కిందికి వస్తే శాతవాహనుల ప్రతిష్ఠానపురం, నేటి పైఠాన్. పెళ్లిళ్లు ఆగితే పైఠణీ పట్టుచీర అడిగేవారేరీ?

ఆ పక్కనే జాల్నా, ఉక్కు కర్మాగారాల పట్టణం. మధ్యప్రదేశ్ నుంచి వచ్చి అక్కడ పనిచేసిన కూలీలు రైలు పట్టాల వెంట సొంతూళ్లకు నడక మొదలుపెట్టారు. అలసి పట్టాల మీదే నిద్రపోయారు. మే 8 తెల్లవారుజామున గూడ్సు రైలు కింద వారిలో 16 మంది చనిపోయారు. సరిగ్గా అదే రోజు బిహార్‌లోని ఖగడియా నుంచి 200 మందికి పైగా రైస్ మిల్లు హమాలీలు హైదరాబాద్ లింగంపల్లి స్టేషన్లో దిగారు. తెలంగాణ వాళ్లను పిలిపించుకుంది, ఎందుకంటే ఇక్కడ యాసంగి వడ్లు కుప్పలుగా పడి ఉన్నాయి.

కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చే గోదావరికి శ్రీరాంసాగర్ దాటాక రెండు పక్కలా వరి. ఆ యాసంగిలో ప్రభుత్వం ఊరూరా కేంద్రాలు పెట్టి 60 లక్షల టన్నులకు పైగా వడ్లు కొన్నది. ఏ గ్రేడు క్వింటాలు ధర 1,835 రూపాయలు. మిల్లర్లు తరుగు తీస్తున్నారని రైతులు గొడవపడ్డ మాట నిజమే. అయినా దేశమంతా బజారు మూసుకున్న నెలల్లో అమ్మకం దొరకడం, బ్యాంకులో డబ్బు పడటం మామూలు సంగతి కాదు.

అదే నిజామాబాద్, జగిత్యాల ఊళ్లలో పక్కింటి కథ వేరు. ఆ ఇంట్లో ఆమె బీడీలు చేస్తుంది, అతను దుబాయిలో ఉంటాడు. మార్చి చివర్లో కార్ఖానాలు మూసేసరికి ఆకు రాలేదు, తంబాకు రాలేదు, చాట గోడకు చేరింది. భృతి మంజూరైన బీడీ కార్మికురాలికి నెలకు 2,016 రూపాయలు వచ్చేవి, మంజూరు కానామెకు అదీ లేదు. రేషన్ కార్డుకు 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ప్రభుత్వం ఇచ్చింది. దుబాయి నుంచి రావాల్సిన డబ్బు మాటేమిటి? విదేశాల నుంచి భారత్‌కు వచ్చే సొమ్ము 23 శాతం తగ్గుతుందని ప్రపంచ బ్యాంకు ముందు భయపెట్టింది. చివరకు తగ్గింది 0.2 శాతమే. కానీ యూఏఈ నుంచి వచ్చేది 17 శాతం తగ్గింది. దేశం సగటు చూసి ఊపిరి పీల్చుకున్నవారికి కోరుట్ల, ఆర్మూర్ ఇళ్లు కనిపించవు.

గోదావరిఖనిలో సింగరేణి జీతం నిలబెట్టింది. భూగర్భ గనులకు లేఆఫ్ ప్రకటించినా కార్మికుడికి సగం జీతమైనా వచ్చింది. రాష్ట్ర ఉద్యోగులకు కోసిన సగం జీతం కూడా తర్వాత చేతికందింది.

ఇంకాస్త దిగువన, అడవి అంచున, జీతం మాటే లేదు. ములుగు జిల్లా పేరూరు వైపు మిరప కోతలకు ఏటా ఛత్తీస్‌గఢ్ ఆదివాసీలు వస్తారు. కోతలు ఆగిపోయాక ఇంటికి నడుచుకుంటూ బయలుదేరిన బృందంలోని 12 ఏళ్ల బాలిక, మూడు రోజులు నడిచి, ఏప్రిల్ 18న ఊరు చేరకముందే ప్రాణం విడిచింది. భద్రాచలం చుట్టూ ఇప్పపువ్వు రాలే రోజులవి. సంతలు లేవు. మే 1న కేంద్రం ఇప్పపువ్వు మద్దతు ధరను కిలో 17 నుంచి 30 రూపాయలకు పెంచింది. పెంపు మంచిదే, కానీ ఆలస్యంగా వచ్చింది. ఉపాధి హామీ కూలి 211 నుంచి 237కు పెరిగింది, ఆ ఎండాకాలం చాలా పొయ్యిలు దానితోనే వెలిగాయి. ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 60 అడుగులు దాటి, మిగిలిన పంటనూ ముంచింది.

ధవళేశ్వరం దాటితే డెల్టా. బయటి నుంచి చూసేవారికి ఇది కలిగిన సీమ. కడియపులంక పూల రైతు మాత్రం గుళ్లు, పెళ్లిళ్లు లేక పూలు పారబోశాడు. భీమవరం చుట్టూ రొయ్య ధర పడిపోతే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కౌంటు వారీగా ధరలు ప్రకటించాల్సి వచ్చింది. కోనసీమ నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్ల మీద ఆధారపడిన కుటుంబాలది ఆర్మూరు బాధే.

సముద్రం దగ్గర నరసాపురం. ఇక్కడి లేసు అల్లే స్త్రీల మీద సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో పుస్తకం రాశారు. ఎగుమతి సరుకు తయారుచేసే ఈ శ్రమను తీరిక వేళ కాలక్షేపంగా ఎలా లెక్కగట్టారో అందులో చూపించారు. విదేశీ ఆర్డర్లు ఆగినప్పుడు పోయిన ఆ సంపాదన ఏ జిల్లా తలసరి ఆదాయంలోనూ విడిగా కనిపించదు. ఆ తలసరి అంకె జిల్లా ఉత్పత్తిని జనాభాతో భాగించి తీసేది. బొగ్గు తవ్విన జిల్లాలో అది పెరుగుతుంది, తునికాకు కోసిన ఇంట్లో డబ్బు ఉన్నా లేకున్నా.

కుటుంబాల ఆదాయం మీద తొలి జాతీయ సర్వేను 2026లో చేపట్టాలని కేంద్ర గణాంక శాఖ నిర్ణయించింది. సర్వే ఉద్యోగి తలుపు తట్టినప్పుడు లేసు డబ్బు, బీడీ డబ్బు, ఇప్పపువ్వు డబ్బు కూడా చెప్పండి. వాటినీ రాయించండి.