వుడ్‌వర్డ్ వీధిలో ఉరుముల జాతర

ఆకాశంలో మబ్బు తునక ఉండదు. అయినా ఉరుములు వినిపిస్తుంటాయి. అల్మరాలో గ్లాసులు సన్నగా గలగలమంటాయి. ఉయ్యాల్లో చంటిపిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. ఏటా ఆగస్టు మూడో శనివారం అమెరికాలోని డెట్రాయిట్ శివార్లలో, వుడ్‌వర్డ్ ఎవెన్యూ పక్కన ఇళ్లున్న వాళ్లకు ఇది మామూలే. ఆ రోజు అక్కడ పాత కార్ల జాతర. పేరు 'వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్'.

ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ నగరం దాకా దాదాపు 26 కిలోమీటర్లు... నలభై వేలకు పైగా కార్లు, పది లక్షల మంది జనం అని నిర్వాహకులు చెప్పే లెక్క. తాతలు, మనవలు మడత కుర్చీలు తెచ్చుకుని, ఐస్‌పెట్టెలో కూల్‌డ్రింకులు పెట్టుకుని రోడ్డు పక్కన గడ్డిమీద చేరిపోతారు. మన ఊళ్లో రథం వస్తోందంటే అరుగులెక్కి కూర్చున్నట్టే! 1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి విరాళాలు పోగేయడానికి మొదలెట్టారు దీన్ని. కరోనా వచ్చిన 2020లో మాత్రం జరగలేదు.

చూడ్డానికి వచ్చామంటారు గానీ, సగం మంది వచ్చేది వినడానికే. కళ్లు మూసుకుని 'ఇది పాంటియాక్... అది షెవీ' అని చెప్పేయగల చెవులు అక్కడ చాలానే ఉంటాయి. అలాంటి చెవుల ముందు నుంచి కారు పోనివ్వాలంటే దాని గొంతు బాగుండాలి కదా. అందుకే జాతరకు నెలల ముందు నుంచే చుట్టుపక్కల గ్యారేజీల్లో ఒకటే పని... పాత కారు కింద దూరి సైలెన్సర్ మార్చడం. మనం సైలెన్సర్ అంటాం, వాళ్లు మఫ్లర్ అంటారు. పొగగొట్టాలతో సహా మొత్తం అమరికను 'ఎగ్జాస్ట్' అంటారు. కారుతో పాటు కంపెనీ ఇచ్చింది తీసేసి, బయట దొరికే 'పెర్ఫార్మెన్స్' రకం బిగించడం అన్నమాట.

చెప్పినంత తేలిక కాదు ఆ పని. దాని వెనక ఓ తగాదా కూడా ఉంది.

ఒక సిలిండర్... ఒక మారుతీ!

వుడ్‌వర్డ్ ఆషామాషీ రోడ్డు కాదు. 1909లో అమెరికాలో తొలి మైలు కాంక్రీటు రోడ్డు వేసింది దీనిమీదే. ఈ రోడ్డు పక్కనున్న హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలోనే 1913లో ఫోర్డ్ కంపెనీ కదిలే అసెంబ్లీ లైను మీద కార్లు బిగించడం మొదలెట్టింది. 1960ల నాటికి శివార్లలో ఈ రోడ్డు వెడల్పుగా, నిటారుగా, మధ్యలో పచ్చిక డివైడర్‌తో కుర్రకారును ఊరించేది. రాత్రయితే డ్రైవ్-ఇన్ హోటళ్ల దగ్గర కార్లు చేరేవి. ఒక సిగ్నల్ నుంచి ఇంకో సిగ్నల్ దాకా దొంగ పందేలు. పందేల్లో కార్ల కంపెనీల ఇంజినీర్లు కూడా ఉండేవారు. పగలు డ్రాయింగ్ బోర్డు మీద గీసింది రాత్రి రోడ్డు మీద తేల్చుకునేవారన్నమాట.

ఆ రోడ్డు చివరనున్న ఊరే పాంటియాక్. ఆ పేరుతోనే జనరల్ మోటార్స్ వారి కార్లు వచ్చేవి. మధ్యతరహా కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజిను పెట్టకూడదని జనరల్ మోటార్స్ పెద్దల ఆంక్ష. పాంటియాక్ చీఫ్ ఇంజినీరు జాన్ డెలోరియన్ బృందం ఓ చిట్కా కనిపెట్టింది. కొత్త మోడల్ అంటేనే కదా అనుమతి కావాల్సింది? ఉన్న టెంపెస్ట్ కారుకే 389 ఘనపుటంగుళాల ఇంజినును 'అదనపు ఆప్షన్'గా పెట్టేశారు. అలా 1964 మోడల్‌గా వచ్చింది జీటీవో. మొదటి ఏడాదే 32 వేలకు పైగా అమ్ముడుపోయింది. మామూలు కారులో పెద్ద ఇంజిను కుక్కిన 'మజిల్ కార్ల' కాలం దాంతో ఊపందుకుంది.

389 ఘనపుటంగుళాలంటే ఎంత? దాదాపు 6,375 సీసీ. సిలిండర్లు ఎనిమిది. ఒక్కోదాని వాటా 797 సీసీ. మన మారుతీ 800 ఇంజిను మొత్తం కలిపి 796 సీసీ! అంటే ఆ కారులో ఒక్కో సిలిండరూ ఒక మారుతీ ఇంజినంత.

ఆ 'గుడుగుడు' ఎక్కడిది?

మారుతీలన్నిటినీ వరసగా పెట్టినా ఆ చప్పుడు రాదు. కారణం సిలిండర్లు పేలే క్రమం. ఇంగ్లిషు 'వి' అక్షరంలా అటు నాలుగు, ఇటు నాలుగు ఉంటాయవి. ఎడమవైపు బేసి అంకెలు, కుడివైపు సరి అంకెలు. 1-8-4-3-6-5-7-2... ఇదీ పేలే వరస. ఇంజిను మొత్తంగా చూస్తే తాళం తప్పదు, సమానమైన ఎడంలోనే పేలుతుంది. కానీ ఒక్క ఎడమవైపే చెవి పెట్టి వింటే? 5, 7 వెంటవెంటనే పేలతాయి, 1కీ 3కీ మధ్య పెద్ద విరామం. కుడివైపూ ఇదే తంతు... 8, 4 ఒకదాని మీద ఒకటి పడతాయి. అటొక గొట్టం, ఇటొక గొట్టం విడివిడిగా వెనక్కి పోతుంటే, ఆ తడబాటు యథాతథంగా బయటికొస్తుంది. తడబాటంటే తప్పనుకునేరు. ఆ చప్పుడుకు ప్రాణమే అది!

ఎగ్జాస్ట్ మార్చేవాడు ఆడుకునేది దీంతోనే. రెండు గొట్టాలను మధ్యలో అడ్డగొట్టంతో కలిపితే 'హెచ్' అమరిక. గొంతు బొంగురుగా, లోతుగా ఉంటుంది. రెంటినీ కత్తెరలా కలిపితే 'ఎక్స్' అమరిక. రెండువైపుల తాళాలూ కలిసిపోయి చప్పుడు నున్నబడుతుంది, వేగం పెరిగేకొద్దీ సన్నగా అరుస్తుంది. మఫ్లర్లలోనూ రకాలున్నాయి. లోపల గదులున్నవి చప్పుడును గోడలకు కొట్టి తిప్పి పంపుతాయి. చిల్లుల గొట్టం చుట్టూ దూది లాంటి గాజుపీచు కూరినవి పొగను నేరుగా పోనిస్తూ చప్పుడును మాత్రం కొంత మింగుతాయి. ఆ పీచు కాలిపోయేకొద్దీ మఫ్లర్ గొంతు పెరుగుతుంది. 1960ల కుర్రాళ్లకు అది లోపం కాదు, బోనస్!

ఇక గుర్రాల సంగతి. ఇంత చేస్తే బలం ఎంత పెరుగుతుంది? మొదటి జీటీవో మామూలు రకానికి కంపెనీ చెప్పిన బలం 325 హార్స్‌పవర్. దాని మీద ఎగ్జాస్ట్ మార్పుతో ఇరవయ్యో పాతికో పెరిగితే గొప్పే. రోడ్డు మీద ఆ తేడా పట్టుకునే డ్రైవర్లు తక్కువ. నిజానికి అందరూ డబ్బు పెట్టేది గొంతుకే.

బోల్టు విరిగితే భాగోతమే

పనిలో మొదటి గండం తుప్పు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. శీతాకాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఇక్కడ చల్లేదీ ఉప్పే. ఆ ఉప్పు నీళ్లు చిమ్మి కారు అడుగంతా తినేస్తాయి. అరవై ఏళ్ల కిందటి ఇనప మేనిఫోల్డ్‌ను ఇంజినుకు పట్టి ఉంచిన బోల్టులు తుప్పుతో ఒకటైపోయి ఉంటాయి. తొందరపడి పానా తిప్పితే తల ఊడి చేతికొస్తుంది, కాండం ఇంజిను తలలోనే ఇరుక్కుంటుంది. శనివారం సాయంత్రానికి అయిపోవాల్సిన పని నెల రోజులు సాగుతుంది. అనుభవమున్నవాళ్లు రెండు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె పోసి నానబెడతారు. వేడి చేస్తారు. కాస్త బిగించి, కాస్త వదులు చేసి, బతిమాలినట్టు తిప్పుతారు.

తర్వాత ఎంపిక. సన్నటి గొట్టాలతో చేసిన హెడర్లు పెడితే పొగ హాయిగా పోతుంది. కానీ చోటు చాలదు. స్పార్క్ ప్లగ్ వైర్లు గొట్టాలకు తగిలి కాలుతుంటాయి, స్టార్టర్ మోటారు వేడెక్కి మొరాయిస్తుంది. పాంటియాక్ వాళ్లకు మధ్యేమార్గం ఒకటుంది. ఆ రోజుల్లో కంపెనీ తన బలమైన ఇంజిన్లకు వాడిన 'రామ్ ఎయిర్' రకం మేనిఫోల్డులకు నకళ్లు ఇప్పుడు కొత్తగా పోతపోసి అమ్ముతున్నారు. చూపుకు పాతవే. కంపెనీ అమరికకు దగ్గరగానే ఉంటుంది, పొగకూ దారి విశాలం. రోజూ బయటికి తీసే బండికి ఇదే తెలివైన బేరం.

గొట్టం వంపుల్లో కూడా కిటుకుంది. మామూలు యంత్రంతో వంచితే మలుపు దగ్గర గొట్టం నొక్కుకుపోయి దారి ఇరుకవుతుంది. లోపల ఉక్కు గుండు ఉంచి వంచితే మలుపులోనూ గుండ్రంగానే ఉంటుంది. మంచి కిట్లలో వచ్చేవి ఈ రెండో రకం. వెనక ఇరుసు మీదుగా గొట్టాన్ని తిప్పేచోట వేలెడు సందు వదలాలి. లేదంటే గతుకులో పడ్డప్పుడల్లా గొట్టం ఇరుసును గుద్దుకుంటుంది. పొగకు దారి తేలికైంది కాబట్టి కార్బ్యురేటర్‌లో పెట్రోలు పాళ్లూ సరిచూసుకోవాలి. అది మరిచిపోతే యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక టపాకాయలే.

వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. షోకు మోజులో చాలామంది దీన్ని ఆఖర్న గుర్తుచేసుకుంటారు. అతుకుల్లో ఎక్కడ పొగ కారినా అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగులేదు, వాసనలేదు. పాత కారు నేలకు తుప్పుచిల్లులుంటే అది నేరుగా వెనక సీట్లో పిల్లల దగ్గరికే వస్తుంది. అందుకే మంచి మెకానిక్ ఇంజిను ఆన్ చేశాక ముందు చప్పుడు వినడు. ప్రతి అతుకు దగ్గరా పొగ కారుతోందేమో చూస్తాడు. గొట్టం చివర బాడీ దాటి బయటికి వచ్చిందో లేదో చూస్తాడు.

ఎవరి గొంతు?

ఇప్పుడు తగాదా దగ్గరికి వద్దాం. వుడ్‌వర్డ్ మీద రెండు కులాలున్నాయి. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచాలనేవాళ్లు ఒకరు. బోల్టు మీది ముద్ర కూడా మారకూడదంటారు. వేలంలో ధర పలికేదీ అలాంటి కారుకే. రెండోవాళ్లది వేరే లెక్క... 'ఆ రోజుల్లో కొన్న వారమే మార్చేసేవాళ్లం కదా, మార్చడమే అసలు సంప్రదాయం!' ఇద్దరి మాటలోనూ నిజముంది. మార్చేవాళ్లలో బుద్ధిమంతులు విప్పిన మేనిఫోల్డులను పారేయరు. నూనె గుడ్డతో తుడిచి, చీటీ కట్టి అటక మీద పెడతారు. కారు అమ్మేటప్పుడు అవీ దాంతోపాటే వెళ్తాయి.

కంపెనీ కూడా ఒకసారి ఈ రెండో కులంలో చేరిపోయింది! 1970 జీటీవోలో డ్యాష్‌బోర్డు కింద చిన్న పిడి ఒకటి అదనంగా ఇచ్చింది పాంటియాక్. మీద 'ఎగ్జాస్ట్' అని రాసి ఉండేది. లాగితే మఫ్లర్లలోని తలుపులు తెరుచుకుని కారు గర్జించేది. తోస్తే మళ్లీ పెద్దమనిషి. ఆ ఏడాది జనవరిలో సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీ మధ్యలో టీవీలో ప్రకటన వచ్చింది. ఓ కుర్రాడు డ్రైవ్-ఇన్‌లో పిడి లాగి చుట్టూ ఉన్నవాళ్లను అదరగొడతాడు. అది చూసి జనరల్ మోటార్స్ పెద్దలే అదిరిపడ్డారు. వెంటనే ఆపించేశారు. అలాంటి కార్లు మూడొందలు కూడా తయారు కాలేదు. ఇవాళ ఆ పిడి ఉన్న కారు కనిపిస్తే సేకర్తలు చుట్టూ మూగుతారు.

పెద్దలు భయపడ్డారంటే పక్కింటివాళ్లు ఉన్నారు మరి! మిషిగన్ చట్టం ప్రకారం గంటకు 35 మైళ్లలోపు వేగం ఉన్న రోడ్ల మీద కారు చప్పుడు 50 అడుగుల దూరంలో 76 డెసిబుల్స్ దాటకూడదు. అంతకు మించిన వేగం ఉన్న చోట 82. మఫ్లర్‌ను తప్పించి పొగను నేరుగా వదిలే అమరికలు నిషేధం. 1975 మోడల్ నుంచి కార్లలో ఎక్కువగా వచ్చిన కేటలిటిక్ కన్వర్టర్‌ను తీసేస్తే ఫెడరల్ చట్టానికే చిక్కుతారు. అంతకు ముందు కార్లకు అది అసలే లేదు, ఆ బాధ లేదు. జాతర రోజు కాస్త చూసీచూడనట్టు పోతారేమో గానీ, వేసవి రాత్రుల్లో పదకొండింటికి ఎవడో యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం రోడ్డు పక్క ఊళ్లలో ఫోన్లు మోగుతాయి. బుల్లెట్‌కు సైలెన్సర్ మార్చి వీధి చివర నుంచే పక్షుల్ని లేపే కుర్రాళ్లున్న మన కాలనీలకు ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. చప్పుడు మీద ప్రేమ ఉండొచ్చు... పసిపిల్లల నిద్ర మీద హక్కు మాత్రం ఎవరికీ లేదు.

వుడ్‌వర్డ్‌కు అంత దూరమేమీ కాని ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్, నోవై ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 2025 జులైలో తానా మహాసభలు జరిగింది నోవైలోనే. ఇక్కడి మనవాళ్లలో చాలామంది కార్ల కంపెనీల్లో ఇంజినీర్లు. బ్యాటరీ కార్లకు బుర్ర పెట్టేవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.

బ్యాటరీ కారుకు చప్పుడేముంటుంది అంటారా? అక్కడే ఉంది తమాషా. పాంటియాక్ బ్రాండ్ 2010లో మూతపడింది. ఆ ఊళ్లో వుడ్‌వర్డ్ పక్కనే ఉన్న రేస్ ట్రాక్‌లో 2022 ఆగస్టులో డాడ్జ్ కంపెనీ ఓ ఎలక్ట్రిక్ చార్జర్ నమూనా చూపించింది. ఇంజిను లేదు, పొగ లేదు. కానీ వెనక గొట్టాలు, గదులు ఉన్న 'ఎగ్జాస్ట్' ఉంది! కృత్రిమంగా పుట్టించిన చప్పుడును అందులోంచి పంపి 126 డెసిబుల్స్ దాకా గర్జింపజేస్తామని ప్రకటించారు. పిడి లాగి గర్జించే జీటీవోను ఆపించేసిన పరిశ్రమే ఇది!

జాతర రాత్రి తొమ్మిదికి ముగుస్తుంది. మర్నాడు ఆదివారం వుడ్‌వర్డ్ బోసిగా ఉంటుంది. కొత్తగా హెడర్లు వేసిన వాళ్లకు మాత్రం ఆ రోజూ పని ఉంటుంది. వేడెక్కి, చల్లారిన గొట్టాల దగ్గర బోల్టులు వదులవుతాయి. మళ్లీ కారు కిందికి దూరి, ఒక్కోదాన్నీ తడిమి బిగించుకోవాలి.