హుగ్లీ ఒడ్డున మన ఊరి చేప

జనవరిలో మేము ఊళ్ళో లేని పదకొండు రోజులూ ఆదివారం ఆరాధన, బుధవారం గృహకూటం ఆగకుండా నడిపించిన పెద్దలకు ముందుగా మా కృతజ్ఞతలు. పరిచర్య పాతికేళ్ళు నిండాయని మీరంతా కలిసి కవరులో పెట్టి ఇచ్చిన డబ్బుతో ఏమేం చూసొచ్చారని ప్రతి ఒక్కరూ అడుగుతున్నారు. ఇంటింటి అరుగు మీదా కూర్చుని మొదటి నుంచి చెప్పడం కష్టంగా ఉంది గనుక ఇక్కడ రాస్తున్నాం. ఫోటోలు ఎలాగూ మీరు చూసేశారు. వాటిలో లేనివి కొన్ని చెబుతాం.

రాష్ట్రం దాటి మేము వెళ్ళింది అంతకు ముందు ఒక్కసారే, వేలూరుకి. దాన్ని చూడబోయిన ప్రయాణం అనలేం. 2019లో అమ్మగారి ఆపరేషన్ కోసం నలభై రోజులు అక్కడ లాడ్జిలో ఉన్నాం. వెళ్ళొచ్చిన వాళ్ళకు తెలుసు, ఆ ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో ఎటు చూసినా బెంగాలీలే. అక్కడి తమిళ కొట్టువాళ్ళు కూడా బెంగాలీలో బేరమాడతారు. మా పక్క గదిలో శ్రీరాంపూర్ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉండేవారు. ఆయన జూట్ మిల్లులో గుమస్తా. రక్తానికి సంబంధించిన జబ్బు. మాకు ఆయన దాదా అయ్యాడు, అంటే అన్నయ్య. ఆమె బౌదీ, అంటే వదిన. ఆపరేషన్ అయ్యాక అమ్మగారికి తొమ్మిది రోజులు మెత్తటి అన్నం వండి పెట్టింది ఆ బౌదీయే. మేము మందుల చీటీలు పట్టుకుని క్యూలలో నిలబడి తిరిగొచ్చేసరికి గిన్నె మూతపెట్టి సిద్ధంగా ఉండేది. బదులుగా మా దగ్గరున్నది ఆవకాయ. దాదాకి కారం నిషేధం. అయినా వేలి కొనతో తాకి నాలిక మీద పెట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఇందులో ఉన్నది ఆవపిండే గదా, ఆవ ఉన్నాక మీరు మా వాళ్ళేనన్నాడు. వాళ్ళు చేపల కూరలో వేసేదీ ఆవముద్దే.

ఒకసారి మా ఇంటికి రండి, గంగ చూపిస్తానని ఆయన పదేపదే అనేవాడు. హుగ్లీ నదిని అక్కడి వాళ్ళు గంగ అనే అంటారు. 2023లో వాళ్ళబ్బాయి ఫోన్ చేసి నాన్న పోయాడని చెప్పాడు. మాట ఇచ్చిన మనిషి లేడు. ఇక ఎవరింటికి వెళ్తాంలే అనుకున్నాం. కాని మీ కవరు చేతికి వచ్చిన రోజున అమ్మగారు తాజ్‌మహల్ అనలేదు, ఊటీ అనలేదు. బౌదీని చూడాలంది.

విజయవాడలో హౌరా మెయిల్ ఎక్కాం. ఒడిశాలో చిలకా సరస్సు పక్కగా రైలు చాలాసేపు నడుస్తుంది. నీళ్ళు, పడవలు, గుంపులుగా పక్షులు. కొల్లేటి వాళ్ళం గనుక మాకు కిటికీ దగ్గరే కునుకు పట్టింది. మన ఊళ్ళోనే ఉన్నట్టుంది మరి. హౌరా స్టేషన్లో అబ్బాయి ఎదురొచ్చాడు. అక్కడ నుంచి లోకల్ రైల్లో శ్రీరాంపూర్. దారిలో హింద్ మోటార్ అనే స్టేషన్ వస్తుంది. మన పెద్ద కరణంగారి తెల్ల అంబాసిడర్ కారు గుర్తుందా, ఆ కార్లు పుట్టింది అక్కడే. 2014లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

కలకత్తా ఒక రోజంతా తిరిగాం. హౌరా వంతెన 1943లో తెరిచారట. నట్టూ బోల్టూ లేకుండా రివెట్లతోనే నిలబడింది. విక్టోరియా మెమోరియల్ పాలరాతి భవనం బయట పచ్చిక మీద కూర్చుని పల్లీలు తిన్నాం. నది కిందుగా వెళ్ళే మెట్రో కూడా ఎక్కాం. 2024 మార్చిలో మొదలైంది. నది కిందికి వచ్చామని తెలియడానికి సొరంగంలో నీలి దీపాలు పెట్టారు. అమ్మగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆమేన్ అనేలోపు అవతలి ఒడ్డు వచ్చేసింది. నగరం గురించి ఇంతే. చూడవలసిన వాటికి కొదవ లేదు గాని మా మనసు ఇంటి దగ్గరే ఉంది.

ఆ ఇల్లు రెండు గదులు, ఒక వరండా, మేడ మీద చిన్న పూజ గది. దాదా వాళ్ళమ్మగారు ఉన్నారు, 80 ఏళ్ళ మనిషి. స్నేహితుడి తల్లిని మాసీమా అని పిలవాలని అబ్బాయి నేర్పాడు. ఆమెకు బెంగాలీ తప్ప మరో ముక్క రాదు, మాకు ఆ ముక్క రాదు. అయినా అన్నం దగ్గర ఆమె అనే "ఆర్ ఏక్టూ" రెండో పూటకే అర్థమైపోయింది. ఇంకొంచెం అని. ఆ మాటకు ఎదురు చెప్పే పదం మాత్రం వెళ్ళొచ్చేదాకా మాకు దొరకలేదు. ఖర్జూరపు చెట్టు రసం కాచి చేసిన కొత్త బెల్లం ఆ చలికాలంలోనే దొరుకుతుందట. మన తాటిబెల్లానికి అక్కగారిలా ఉంది. దాంతో చేసిన సందేశ్ మిఠాయి ఎన్ని తిన్నామో ఇక్కడ రాయం. డాక్టరుగారు కూడా ఇది చదువుతారు.

మేము పాస్టర్లమని వాళ్ళకు వేలూరు నుంచే తెలుసు. మొదటి రోజే బౌదీ వరండాలో చాప వేసి, మీ ప్రార్థన ఇక్కడ చేసుకోండని చూపించింది. బెంగాలీ ఇళ్ళలో సందెవేళ ఆడవాళ్ళు శంఖం ఊదుతారు. ఆ సాయంత్రం మా ప్రార్థన అయ్యాక ఊదుదామని మాసీమా పైన ఆగింది. ఆమె శంఖం అయ్యాక మొదలుపెడదామని మేము కింద ఆగాం. చీకటిపడి దోమలు కుట్టడం మొదలయ్యాక అబ్బాయి వచ్చి ఇద్దరినీ విడిపించాడు.

శ్రీరాంపూర్ అనగానే మీలో కొందరు కేరీగారి ఊరు గదా అనుకునే ఉంటారు. అవును. పాస్టర్ల బి.డి. చదువులకు ఆ పేరు ఇప్పటికీ వింటుంటారు. 1818లో స్థాపించిన ఆ కాలేజీ నది ఒడ్డునే ఉంది, పెద్ద పెద్ద స్తంభాలతో. అక్కడి ప్రెస్సులో 1814లో కేరీగారి తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయ్యాయి. మన గోదావరి దాటి రాని మనిషి మన అక్షరాలను పోతపోయించాడు. 1812 మార్చిలో ప్రెస్సు తగలబడినప్పుడు ఆ వ్యాకరణం రాతప్రతి కూడా కాలిపోయింది. ఆయన మళ్ళీ మొదటి నుంచి రాశాడు. ఇవన్నీ మీరు విన్నవే. మాకు కొత్తగా తోచింది వేరే ఉంది. అప్పట్లో బ్రిటిష్ కంపెనీ వాళ్ళు మిషనరీలను తమ నేల మీద ఉండనిచ్చేవారు కాదు. శ్రీరాంపూర్ అప్పుడు డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉంది. ఆ డేనిష్ గవర్నరు చోటిస్తేనే 1800లో వీళ్ళంతా అక్కడ చేరారు. అంటే మన తెలుగు కొత్త నిబంధన పరాయి వాళ్ళ పంచన తలదాచుకున్న వాళ్ళ చేతుల మీదుగా వచ్చింది. మేమూ ఒకరి ఇంట్లో తిని పడుకుంటున్న రోజులు గనుక కాబోలు, సమాధి రాయి కన్నా ఆ సంగతే మనసుకు పట్టింది.

ఇక అసలు సంగతి. ఐదో రోజు ఆదివారం. పొద్దున్నే అబ్బాయితో బజారుకు వెళ్ళాం. చేపల వరుసలో ఒక పక్క నీళ్ళ తొట్లలో బతికున్న చేపలు కొట్టుకుంటున్నాయి. ఇంకో పక్క ఐసులో పడుకోబెట్టిన బొచ్చెలు, శీలావతులు. ఈ రెండో రకాన్ని అక్కడ "ఆంధ్రా మాఛ్" అంటారు. ఆంధ్రా చేప అని. అవి కైకలూరు, ఆకివీడు వైపు నుంచి లారీల్లో హౌరా చేరి అక్కడ నుంచి ఊళ్ళకు పోతాయి. రాత్రి రెండింటికి లేచి చెరువుల మీద వల లాగి, ఐసు కొట్టి, ట్రేలు నింపే మన సంఘం తమ్ముళ్ళారా, మీ చేతి పని మేము అంత దూరాన చూశాం. మీరు నొచ్చుకోనంటే ఒక మాట చెబుతాం. అక్కడి వాళ్ళు వాటిని కాస్త చిన్నచూపు చూస్తారు. స్థానికంగా పట్టిన చేప రుచి దీనికి రాదంటారు. కొనేది మాత్రం దాన్నే. అబ్బాయి నవ్వి, మీకంటే ముందే మీ ఊరి వాళ్ళు వచ్చారన్నాడు. రెండు కేజీల శీలావతి మేమే కొన్నాం, డబ్బు ఇవ్వనివ్వకపోయినా.

మధ్యాహ్నం ఆవపెట్టి పులుసు చేశారు. మాకు, అబ్బాయికి కంచాలు పెట్టారు. మాసీమా గుమ్మం దగ్గర పీట మీద కూర్చుంది. ఆమెకు 31వ ఏట భర్త పోయాడు. వాళ్ళలో పాత ఆచారం ఉంది. భర్త పోయిన ఆడమనిషి చేప, మాంసం, ఉల్లి, వెల్లుల్లి, చివరికి మసూర్ పప్పు కూడా మానేయాలి. ఈ రోజుల్లో చాలామంది పాటించడం లేదట. మాసీమా పాటించింది. పదేళ్ళ కొడుక్కి చేపలు వండి పెడుతూ తను పక్క పొయ్యి మీద కూర వండుకుంది. బౌదీ కూడా దాదా పోయిన రోజు నుంచి అత్తగారి కూరే తింటోంది. ఎవరూ మానమనలేదు, తనే మానేసింది. వేలూరులో ఆమె చేతులకు తెల్లటి శంఖు గాజులు, ఎర్రటి పగడపు గాజులు ఉండేవి. ఇప్పుడు బోసి చేతులతో మాకు వడ్డిస్తోంది. ఆ చేతుల వంక చూడకుండా ఉండాలని అమ్మగారు వచ్చిన రోజు నుంచి ప్రయాసపడుతూనే ఉంది.

మాసీమా లేచింది. ఇంకో కంచం తెచ్చి మా వరుసలో పెట్టి బౌదీని కూర్చోమంది. అన్నం పెట్టింది. గరిటె తీసుకుని ఒక చేప ముక్క ఆ కంచంలో వేసింది. నలభై తొమ్మిదేళ్ళుగా ఆ గిన్నెలో వండుతున్నా అందులోంచి తనకంటూ ఒక్క ముక్క తీసుకోని చెయ్యి అది. బౌదీ తల అడ్డంగా ఊపింది. మాసీమా గట్టిగానే మాట్లాడింది. అబ్బాయి తల దించుకుని ఇంగ్లీషులో ఒక్కొక్క మాటా మాకు చెప్పాడు. ఇది వాళ్ళ ఊరి నుంచి వచ్చిన చేప. వాళ్ళు తెచ్చింది నువ్వు ముట్టకపోతే నా ఇంటి మర్యాద ఏం కావాలి? ఇన్నేళ్ళు నేను తినకుండా ఉన్నాను, దాని వల్ల పోయినవాడికి ఒరిగిందేమిటి? నీకు యాభై దాటాయి, ఒంట్లో నెత్తురు లేదని డాక్టరు రాశాడు. తిను.

ఎవరమూ కదల్లేదు. ఇలాంటి చోట నాలుగు ఆదరణ మాటలు చెప్పడం మాకు అలవాటు. చెప్పడానికి భాష లేదు. లేకపోవడమే మేలైందని ఇప్పుడు అనిపిస్తోంది, మేము మాట్లాడి ఉంటే ఆ ముసలమ్మ మాట పక్కకు పోయేది. అమ్మగారు తన కంచంలో చెయ్యి ఆపేసి బౌదీ వంకే చూస్తూ కూర్చుంది. నువ్వు తింటేనే నేను తింటానన్నట్టు. చాలాసేపటికి బౌదీ ముల్లు తీసి ఒక చిన్న తునక నోట్లో పెట్టుకుంది. నమలడానికి ముందే ఏడ్చేసింది. మాసీమా ఏడవలేదు. "ఆర్ ఏక్టూ" అంటూ ఇంకో ముక్క వేసింది.

మరి మీరు, అని అమ్మగారు చేతితో సైగ చేసి అడిగింది. మాసీమా నవ్వి ఏదో అంది. ఆ రుచి తనకు గుర్తులేదని, ఇక గుర్తు తెచ్చుకోవాలని కూడా లేదని అబ్బాయి చెప్పాడు. వెళ్ళి తన కూర తను తిన్నది.

నయోమి, రూతుల కథ ఈ పాతికేళ్ళలో మీకు ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. కోడలు అత్తను విడవకపోవడం గురించే ఎప్పుడూ చెప్పాం. అత్త కోడలి బతుకు కోసం ఎంత తాపత్రయపడిందో ఆ కథలోనే ఉంది. దాని మీద ఒక ఆదివారం మాట్లాడాలని ఉంది. మన ఊళ్ళో పెళ్ళిళ్ళప్పుడు, పెళ్ళికూతురికి చీర పెట్టేవేళ తమంతట తామే గోడవారకు జరిగి నిలబడే అక్కలు ఎవరెవరో మీకూ తెలుసు, మాకూ తెలుసు. వాళ్ళను కూడా ఎవరూ జరగమనలేదు.

వచ్చేసే రోజు స్టేషన్‌కు బయల్దేరుతుంటే ఒక చిన్న సంగతి తెలిసింది. మనం వెళ్తున్నామని అనకుండా వెళ్ళొస్తామంటాం గదా, వాళ్ళు కూడా అంతే. పోయేటప్పుడు "ఆషి" అంటారు. వస్తాను అని. గుమ్మంలో అందరమూ వస్తాం వస్తాం అనుకుంటూ రిక్షా ఎక్కాం.

మే నెలలో, ఆవకాయలు పెట్టే రోజులకు, ముగ్గురినీ మన ఊరు రమ్మన్నాం. అబ్బాయి సెలవు చూసుకుని టికెట్లు తీస్తానన్నాడు. మాసీమా రైలు ప్రయాణానికి డాక్టరు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటాడనే నమ్మకంతో ఆమె వంట కోసం కొత్త గిన్నెలు నాలుగు కొని విడిగా పెట్టాం. ఈసారి కాయ కొట్టే రోజు సంఘం అక్కచెల్లెళ్ళు కాస్త ముందుగా చెప్పండి. వెల్లుల్లి వేయని జాడీ ఒకటి వేరుగా కలపాలి.