దాగిన గుణం

"మా వంశంలో ఇటువంటిది లేదు." మా బంధువర్గంలో పుట్టుచెవుడుతో ఒక బిడ్డ కలిగినప్పుడు ఆ ఇంటి అత్తగారన్న మాట ఇది. నింద కోడలి మీద పడింది. ఆ అత్తగారు కోడలికి స్వయానా మేనత్త. ఇద్దరూ పుట్టింది ఒకే వంశంలోనన్న సంగతి ఎవరికీ స్ఫురించలేదు.

గ్రెగర్ మెండెల్ 1866లో ప్రచురించిన బఠాణీల ప్రయోగాలు అప్పటినుంచీ తరచు గుర్తుకొస్తాయి. గుండ్రని గింజల జాతిని ముడుతల గింజల జాతితో ఆయన సంకరపరిస్తే, తొలితరంలో గింజలన్నీ గుండ్రంగానే వచ్చాయి. ముడుత అంతరించిందనే తోస్తుంది. ఆ మొక్కలను స్వపరాగ సంపర్కానికి విడిచిపెట్టగా వచ్చిన 7,324 గింజలలో 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలవి. దాదాపు నాలుగింట ఒక వంతు. ఇటువంటి గుణానికి తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటిగా రెండు కారకాలు సంక్రమిస్తాయి. బహిర్గత కారకం పక్కనుంటే అంతర్గత కారకం అణగి ఉంటుంది, నశించదు.

జన్యుపరమైన పుట్టుచెవుడులో అధికభాగం ఈ అంతర్గత రీతిదే. చక్కగా వినగలిగే తల్లీ తండ్రీ చెరొక దాగిన కారకాన్ని ఇస్తేనే అది బయటపడుతుంది. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం నాలుగింట ఒక వంతు. మేనత్త బిడ్డకూ మేనమామ బిడ్డకూ జన్యువులలో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడి గనుక, ఒకే కారకం ఇద్దరిలోనూ ఉండే సంభావ్యత హెచ్చు.

ఆస్తి గడప దాటరాదని కుదుర్చుకునే మేనరికంలో ఇంటి కారకాలూ ఇంటనే కలుసుకుంటాయి. ఆ బిడ్డ మౌనంలో తండ్రి ఇచ్చిన సగం కూడా ఉన్నదని ఆ ఇంటివారికి ఎవరైనా చెప్పాలి.