కంచం వచ్చాకే సూది

విశాఖపట్నంలో రాత్రి కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు పొద్దున్న బిలాస్‌పూర్‌లో దిగాను. కార్తీక సోమవారం. ఆ ఊళ్లోని తోర్వాలో పిన్ని వాళ్ల వీధి మొదట్లో ఆటో దిగి, అరుగు మీద కూర్చున్న పెద్దావిడని హిందీలో దారి అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి "ఏ ఊరమ్మా మీది?" అంది, అచ్చం విజయనగరం యాసలో.

ఈ రైల్వే ఊళ్లో తెలుగు వినపడటం వింతేమీ కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ నేలకి పట్టాలు తెచ్చింది. 1931లో రాయ్‌పూర్ నుంచి విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్ర వాళ్లకి ఈ వైపు దారి మరీ దగ్గరైంది. 1955 నుంచి 2003లో కొత్త జోన్లు వచ్చేదాకా వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వే కిందే ఉండేవి. బాబాయి వాళ్ల నాన్న అలా బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. బాబాయి గూడ్స్ గార్డుగా రిటైరయ్యారు.

పిన్నికి పద్దెనిమిదేళ్ల నుంచి షుగరు. మూడేళ్లుగా రాత్రి ఒక ఇన్సులిన్, మూడు పూటలా తిండికి ముందు ఇంకో ఇన్సులిన్. మొదటిది రోజంతా నెమ్మదిగా పనిచేసేది. రెండోది వేగంగా దిగేది. నేను ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని. ఆ రెండోదాన్ని ఒక ఇల్లు ఎలా సంభాళించుకుంటోందో చూద్దామనే వచ్చాను.

మధ్యాహ్నం పన్నెండున్నరకి కోడలు కంచం పెట్టింది. అన్నం, ఆనపకాయ పప్పు, వంకాయ కూర. పిన్ని వేలు గుచ్చుకుని మీటరు చూసుకుంది, 142. బాబాయి పెన్నుకి కొత్త సూది బిగించి, రెండు యూనిట్లు గాలిలోకి నొక్కి, సూది చివర మందు బొట్టు కనపడిందని చూపించారు. తర్వాత ఎనిమిదికి తిప్పి, కంచం వైపు ఒకసారి చూసి "లైన్ క్లియర్" అన్నారు. అప్పుడే పిన్ని పెన్ను అందుకుంది. పొట్ట మీద గుచ్చుకుని, మీట పూర్తిగా నొక్కి, పది అంకెలు లెక్కపెట్టాక సూది బయటికి తీసింది.

బాబాయి ఆ మాట సరదాకి అనరు. ముందు సెక్షన్ ఖాళీ అని తెలియకుండా బండి కదపకపోవడం ఆయన ఉద్యోగమంతా పాటించిన నియమం. ఈ ఇంట్లో కంచం కళ్లెదుట లేకుండా సూది పడదు.

దానికి కారణం మందులోనే ఉంది. పాతకాలపు రెగ్యులర్ ఇన్సులిన్ చర్మం కింద గుంపులుగా అతుక్కుని ఉంటుంది. ఆ గుంపులు విడిపోయి రక్తంలోకి చేరడానికి అరగంట పడుతుంది. అందుకే దాన్ని తినడానికి అరగంట ముందు వేసుకునేవారు. 1996లో వచ్చిన లిస్‌ప్రో, దాని తర్వాత వచ్చిన ఆస్పార్ట్, గ్లులిసిన్ మందుల్లో ఇన్సులిన్ అణువుని కాస్త మార్చారు. అవి త్వరగా విడిపోతాయి, పది పదిహేను నిమిషాల్లో పని మొదలుపెడతాయి, గంట రెండు గంటల మధ్య ఉధృతంగా ఉంటాయి, మూడు నుంచి ఐదు గంటల్లో చల్లారతాయి. అన్నం తినగానే పైకి ఎగసే చక్కెరని అందుకోవడానికి ఇది బాగా సరిపోయే మందు. కానీ అన్నం రాకపోతే, ఉన్న చక్కెరనే అది తినేస్తుంది.

ఆ సంగతి నాకు పుస్తకంలో కన్నా వార్డులో బాగా తెలిసింది. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసే చోట ఒక రాత్రి, రాసిన టైముకి రాసిన డోసు ఒక పెద్దాయనకి నేనే ఇచ్చాను. భోజనాల బండి యాభై నిమిషాలు ఆలస్యమైంది. నేను వేరే మంచం దగ్గర ఉండగా ఆయన చెమటతో తడిసి, పిలిస్తే పలకని స్థితికొచ్చాడు. గ్లూకోజ్ ఎక్కించాక తేరుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. టైము చూశాను, డోసు చూశాను, కంచం చూడలేదు. ఆ చెయ్యి నాకింకా గుర్తే.

ఈ ఇంట్లోనూ ఒకసారి గండం వచ్చింది. రెండేళ్ల కిందట పెన్ను మీట బిగుసుకుపోతే, బాబాయి షాపు నుంచి ఎర్రమూత సిరంజి తెచ్చి, పెన్నులోని కార్ట్రిడ్జ్‌లోంచి ఎనిమిది గీత దాకా మందు లాగారు. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, వాటి సిరంజికి ఎర్రమూత. పెన్నుల్లో, కార్ట్రిడ్జ్‌ల్లో ఉండేది 100 యూనిట్ల మందు, దాని సిరంజికి నారింజ మూత. ఎర్రమూత సిరంజిలో ఎనిమిది గీత అంటే 0.2 మిల్లీలీటర్లు. అందులోకి 100 యూనిట్ల మందు లాగితే ఎనిమిది కాదు, ఇరవై యూనిట్లు. రెండున్నర రెట్లు! తిరగేసి, నారింజ మూత సిరంజిలోకి 40 యూనిట్ల మందు లాగితే డోసు సగం కూడా పడదు. ఆ రోజు గంట తిరగకుండా పిన్నికి చేతులు వణికాయి, మాట తడబడింది. కోడలు చక్కెర నీళ్లు పట్టించింది, అయినా షుగరు మళ్లీ పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లి రాత్రంతా చూసుకోవలసి వచ్చింది. షాపులో ఏ సీసాకి అని ఎవరూ అడగలేదు, బాబాయికి అడగాలని తెలియలేదు. సిరంజి కొనేటప్పుడు మందు పెట్టెని చేత్తో పట్టుకెళ్లి చూపించమని నేను ఊరూరా చెబుతున్నాను. పెన్నులోంచి సిరంజితో లాగడం మాత్రం అసలే వద్దు. రెండో పెన్ను ఒకటి ఇంట్లో ఉంచుకుంటే ఆ అవసరమే రాదు.

అప్పటినుంచి వీళ్లింట్లో ఒక స్టీలు డబ్బా గడియారం కింద ఉంటుంది. అందులో గ్లూకోజ్ పొడి, టీ చెంచా, మీటరు. 70 కన్నా తగ్గితే మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగడం, పదిహేను నిమిషాలకి మళ్లీ చూడటం, ఇంకా తక్కువుంటే మళ్లీ తాగడం, తేరుకున్నాక ఏదైనా తినడం. లడ్డూ వద్దంటుంది కోడలు, నెయ్యి ఉంటే చక్కెర రక్తంలోకి ఆలస్యంగా వెళ్తుందని. అదీ సరైన మాటే. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలని పదో తరగతి చదివే మనవడు నాకు అప్పజెప్పాడు. ఈ ఇంట్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. పడిపోయేది పిన్ని, అప్పుడు ఆమెకి ఏదీ గుర్తుండదు. గుర్తుండాల్సింది ఆ పిల్లాడికి.

పొట్ట చూపించమన్నాను. బొడ్డుకి కుడివైపు చిన్న గడ్డలా తగిలింది. నొప్పి ఉండదని పిన్ని అక్కడే గుచ్చుకుంటోంది. అలాంటి చోట మందు ఒకరోజు ఇంకదు, ఇంకోరోజు ఒక్కసారి ఇంకుతుంది. చోటు మార్చమన్నాను. అయితే గడ్డ లేని చోటికి మారితే అదే డోసు ఎక్కువగా పనిచేయవచ్చు కాబట్టి, కొన్నాళ్లు మీటరు తరచూ చూసుకుని, ఆ సంగతి డాక్టరుకి చెప్పమన్నాను. ఇంకోటి అడిగాను: తిన్నాక రెండు గంటలకి మీటరు ఎక్కువ చూపిస్తే ఏం చేస్తున్నావని. "మరో నాలుగు వేసుకుందునా అనిపిస్తాది గానీ, వేసుకోను" అంది. ముందు డోసు ఇంకా లోపల పనిచేస్తూనే ఉంటుంది. దాని మీద ఇంకోటి పడితే రెండూ కలిసి అర్ధరాత్రి దించేస్తాయి.

బిలాస్‌పూర్ ఎండలు 45 డిగ్రీలు తాకుతాయి. తెరవని పెన్నులు ఫ్రిజ్ తలుపు అరలో ఉంటాయి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదని ఐస్ గది దగ్గరికి వెళ్లనివ్వరు. వాడుతున్న పెన్ను మీద తెరిచిన తేదీ రాసి ఉంది, ఇరవై ఎనిమిది రోజులకి తీసేస్తారు. వేసవిలో కరెంటు పోతే దాన్ని డబ్బాలో పెట్టి తడి ఇసుక పోసిన మట్టికుండలో ఉంచుతారు.

సాయంత్రం పక్కింటావిడ వచ్చింది. బీహార్ వాళ్లు. తోర్వా ఘాట్‌లో ఛఠ్ పూజ ఈమధ్యే అయింది. ఆవిడదీ ఇదే ఇన్సులిన్, వచ్చే ఏడు ఉపవాసం ఉంటే సూది మాటేమిటని అడిగింది. తినని పూటకి తిండి సూది లేదు, రాత్రి సూదిని మాత్రం సొంతంగా మానకూడదు, నీళ్లు కూడా తాగని ఉపవాసమైతే నెల ముందే డాక్టరుతో మాట్లాడాలి, ఆయన వద్దంటే వినాలి అన్నాను. పిన్ని కార్తీక సోమవారాల ఉపవాసం మానేసి మూడేళ్లయింది. "దీపం ఎలిగిస్తన్నాను కదా, శివుడికి నా సూది సంగతి తెల్దేటి" అంది.

చీకటిపడే వేళ అర్పా నది ఒడ్డుకి వెళ్లి దీపం వదిలాం. వచ్చేటప్పుడు ఆటో దొరకడం ఆలస్యమైంది. పిన్ని సంచిలో పెన్ను ఉంది, కానీ దాని జోలికి పోలేదు. వీధి మలుపులో బాబాయి ఇంటికి ఫోన్ చేసి వడ్డించమన్నారు. పిన్ని కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చుంది. కోడలు కంచం తెచ్చి ముందు పెట్టింది. మనవడు తాతని చూసి, తనే ముందు అనేశాడు, "లైన్ క్లియర్."