కార్తెకో పేకముక్క

ముందే ఒక మాట చెప్పేస్తా. నాకు జాతకాల మీద నమ్మకం లేదు. నేను పుట్టిన టైముకి గురుడు ఎక్కడున్నాడో దాన్ని బట్టి ఈ ఏడాది నా హైక్ ఎంతో తేలుతుందంటే ఒప్పుకోను. (గురుడి సంగతేమో గానీ, రేటింగులు వేసే రోజు మా మేనేజరు ఏ మూడ్‌లో ఉన్నాడన్నదాన్ని బట్టి మాత్రం తేలుతుంది.) జాతకం కుదర్లేదని మంచి సంబంధాలు పోగొట్టుకున్న వాళ్లని మా చుట్టాల్లోనే ఇద్దర్ని చూశా. అయినా సరే, ఏడాది పైగా నేను రెండు వారాలకోసారి టారో పేక కలిపి, ఒక ముక్క తీసి, దాన్ని చూస్తూ పది లైన్లు రాసుకుంటున్నా. అదీ ఏ రోజంటే ఆ రోజు కాదు, కార్తె మారిన రోజు. నవ్వాలనుకున్న వాళ్లు ఇక్కడే ఒకసారి నవ్వేసుకోండి, ఆగుతా.

అయిందా? సరే.

ఈ పేక నేను కొన్నది కాదు. 2023లో మా టీములో ఒకమ్మాయి ఉద్యోగం మారి బెంగుళూరు వెళ్లిపోతూ డెస్కు ఖాళీ చేసింది. మొక్క ఒకరికి, కాఫీ మగ్గు ఒకరికి ఇచ్చి, "అందరికన్నా ఎక్కువ వెక్కిరించింది నువ్వే కాబట్టి ఇది నీకే" అని ఈ పెట్టె నా చేతిలో పెట్టింది. "ఇందులో భవిష్యత్తు ఉండదు, బొమ్మలుంటాయి. బొమ్మ చూడగానే నీకేం గుర్తొస్తుందో చూసుకో, అంతే" అంది. థాంక్స్ చెప్పి సొరుగులో పడేశా. దాదాపు ఏడాది అక్కడే ఉంది.

తీసి చూసింది కూడా భక్తితో కాదు, బోరు కొట్టి. చూశాక కాస్త గూగుల్ చేస్తే తెలిసిందేంటంటే, ఇది అసలు జోస్యం కోసం పుట్టింది కాదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో డబ్బున్నోళ్లు కాలక్షేపానికి ఆడుకున్న పేకాట. 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో కొందరు దీనికి ఈజిప్టు రహస్యాలు అంటగట్టాక జోస్యం మొదలైంది. మొత్తం 78 ముక్కలు, అందులో 22 పెద్దవి, 56 చిన్నవి. ఇవాళ ఎక్కువ మంది దగ్గర కనిపించే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయినవి. వాటిని గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్ అనే ఆవిడ. చాలా పెద్ద పని, వచ్చిన డబ్బు చాలా తక్కువ అని ఆవిడే ఒక ఉత్తరంలో రాసుకుంది. తర్వాత ఎన్నో ఏళ్లపాటు ఆ పేకని జనం పిలిచింది మాత్రం అచ్చేసిన రైడర్ కంపెనీ పేరుతోనూ, ఇలా ఇలా గీయమని చెప్పిన వెయిట్ పేరుతోనూ. కోడ్ రాసింది ఒకరు, రిలీజ్ మెయిల్‌లో పేరు ఇంకొకరిది. మనకి కొత్తేం కాదు కదా :)

ఇక కార్తెల సంగతి. మాది ఖమ్మం జిల్లాలో వైరా దగ్గర పల్లెటూరు. నాన్నకి బోరు కింద రెండెకరాలు, మిరప తోట. మా ఇంట్లో "జూన్ రెండో వారం" అని ఎవరూ అనరు, "మృగశిర" అంటారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉన్నంత కాలం ఒక్కో కార్తె. 360 డిగ్రీల్ని 27తో భాగిస్తే 13 డిగ్రీల 20 నిమిషాలు, అంటే 13-14 రోజులు. రోహిణిలో రోళ్లు పగులుతాయి, మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుంది, ఆరుద్రలో ఎర్ర మఖమల్ గుడ్డ లాంటి పురుగులొస్తాయి. ఇవన్నీ అక్షరాలు రాకముందే మాకు వచ్చేసేవి. ఉద్యోగంలో చేరాక రెండు వారాల స్ప్రింటు గురించి ట్రైనింగ్‌లో అరగంట పాఠం చెబితే నాకు నవ్వొచ్చింది. ఇన్నాళ్లకి కంపెనీలు కార్తెల దగ్గరికి వచ్చాయన్నమాట.

ఇన్‌స్టాగ్రామ్‌లో మన వాళ్లు "లియో సీజన్ మొదలైంది" అని పెడుతుంటారే, అది కూడా ఇలాంటిదే, కాకపోతే నెల పొడుగు. వాళ్ల మేషం విషువత్తు దగ్గర మొదలవుతుంది, మన మేషం నక్షత్రాల్ని బట్టి. రెండింటికీ ఇప్పుడు 24 డిగ్రీల తేడా. 19వ శతాబ్దం చివర్లో లండన్‌లో గోల్డెన్ డాన్ అనే బృందం టారోలో 36 చిన్న ముక్కలకి తలా పది డిగ్రీల చొప్పున రాశిచక్రాన్ని పంచేసింది కూడా. చక్కటి మ్యాపింగే, కానీ నాకు అక్కర్లేదు. నాకు కావలసింది గుర్తుండే ఒక తేదీ, అంతే. నెలకోసారి అంటే మర్చిపోతా, రోజూ అంటే బద్ధకం, కార్తె అయితే ఇంట్లో గోడ మీద కాలెండరే చెబుతుంది.

అలా 2024 మేలో రోహిణి కార్తె రోజున మొదలుపెట్టా. పద్ధతి చిన్నది. పేకని రెండుగా చీల్చి కలపడం, పదిసార్లు. 52 ముక్కలకి ఏడుసార్లు చాలని 1992లో బేయర్, డయకోనిస్ అనే గణితవేత్తలు లెక్క కట్టారు, నావి 78 కదా, కాస్త ఎక్కువ కలుపుతా. ఒక ముక్క తీయడం. అర్థాల పుస్తకం తెరవకుండా, బొమ్మలో ఏం కనిపిస్తోందో, అది చూస్తే ఏం గుర్తొస్తోందో ఒక టెక్స్ట్ ఫైల్లో రాయడం. తేదీ, కార్తె, ముక్క పేరు, పది లైన్లు. ముక్క మళ్లీ పేకలోకే.

ఇక్కడో పిట్టకథ. ఒకే ముక్క రెండోసారి వస్తే టారో నమ్మేవాళ్లు విశ్వం మీకేదో చెబుతోందంటారు. 78 ముక్కల్లోంచి 27 సార్లు తీస్తే ఒక్క ముక్క కూడా రెండోసారి రాకుండా ఉండే అవకాశం నూటికి ఒక వంతు కూడా లేదు. పుట్టినరోజుల లెక్కే ఇది, కావాలంటే మీరూ వేసి చూడండి. విశ్వం ఏం చెప్పక్కర్లేదు.

అలాగే, ఏం చెప్పినా మనకే చెప్పినట్టు ఉండడం. 1948లో ఫోరర్ అనే అమెరికన్ ప్రొఫెసరు తన క్లాసులో 39 మందికీ వ్యక్తిత్వ పరీక్ష అని పెట్టి, ఫలితం అంటూ అందరికీ ఒకే పేరా ఇచ్చాడు. అందులో వాక్యాలు చాలావరకు బజార్లో దొరికే జ్యోతిషం పుస్తకంలోవి. ఎంత కరెక్టుగా ఉందని అడిగితే సగటున 5కి 4.26 వేశారు. కాబట్టి గంటకింత అని డబ్బులు తీసుకుని ముక్క అర్థం చెప్పేవాళ్ల దగ్గరికి నేను పోను, మిమ్మల్నీ పొమ్మనను. మా ఫ్లాట్‌మేట్ ఒకడు రిజైన్ చేయాలా వద్దా అని అలాంటి వాళ్లనడిగి మరీ చేశాడు. వాడికి కావలసింది సలహా కాదు, తప్పు జరిగితే తోసేయడానికి ఒక మనిషి.

నేనూ ఒకసారి జారా. డల్లాస్ వెళ్లే అవకాశం ఒకటి తగిలినప్పుడు కార్తె కాని రోజున పేక తీశా. నచ్చని ముక్క వచ్చింది, మళ్లీ తీశా, మళ్లీ తీశా. మూడోసారికి సిగ్గేసి పెట్టె మూసేశా. ఆ ఎంట్రీ ఫైల్లో లేదు, నిజం చెప్పాలి కదా.

మరి ఇంత తెలిసీ ఎందుకు చేస్తున్నావంటారా? మనకో అలవాటుంది. బగ్ దొరకనప్పుడు టేబుల్ మీద రబ్బరు బాతుని పెట్టుకుని కోడ్ లైను లైనుగా దానికి చెబుతాం. బాతుకి జావా రాదు. అయినా చెబుతుంటే సగంలో మనకే తడుతుంది. ఈ పేక నాకు అలాంటి బాతు అనుకున్నా. దేన్ని వెతుకుతున్నానో మాత్రం ఏడాది దాకా తెలీలేదు.

2025 మే 25న మళ్లీ రోహిణి వచ్చింది. 27 ఎంట్రీలు పూర్తి. రెట్రో చేద్దామని ఫైలు మొదట్నుంచి చదివా. నా లెక్క ప్రకారం అందులో ఉండాల్సింది ఉద్యోగం గోల. నిజంగానే ప్రతి ఎంట్రీ రేటింగుతోనో, మేనేజరుతోనో మొదలవుతోంది. ఎక్కడికి పోతోందో చూడండి. హెర్మిట్ అని ఒక ముక్క ఉంది, చీకట్లో లాంతరు పట్టుకుని నిలబడ్డ ముసలాయన. దాని కింద నేను రాసింది, చిన్నప్పుడు రాత్రి కరెంటు ఇచ్చే రోజుల్లో మోటారు వేయడానికి టార్చిలైటుతో పోయే నాన్న గురించి. త్రీ ఆఫ్ కప్స్, ముగ్గురు ఆడవాళ్లు సంతోషంగా కప్పులెత్తి పట్టుకుని ఉంటారు. నేను రాసింది మిరపకాయలు కోసే కూలీలు గట్టు మీద టీ తాగడం. టవర్, పిడుగు పడి మనుషులు కింద పడుతున్న మేడ. ప్రొడక్షన్ సర్వర్ గురించి రాసుంటానని మీరనుకుంటారు. నేను రాసింది ట్రాక్టరు పెట్టి దున్నేసిన మిరప తోట. కంట్రోల్ ఎఫ్ కొట్టి 'నాన్న' అని వెతికితే 27లో 16 ఎంట్రీల్లో ఉన్నాడు.

ముక్కలు మారుతున్నాయి, అవి రాండమ్. ఇన్‌పుట్ ఏది ఇచ్చినా అవుట్‌పుట్ ఒకటే వస్తోందంటే ఎక్కడ చూడాలో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

జరిగింది ఇది. 2021 చివర్లో రెండు రాష్ట్రాల్లోనూ మిరపకి నల్ల తామర పురుగు వచ్చింది గుర్తుందా? పూతలో చేరి కాయ పట్టకుండా చేసింది. నాన్న కొట్టని మందు లేదు, కట్టని జిగురు అట్ట లేదు. పోయిన ఏడు నలభై క్వింటాళ్లు వచ్చిన రెండెకరాల్లో నాలుగు కూడా రాలేదు. చివరికి దున్నించేశాడు. అప్పుడు నేను వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఊళ్లోనే ఉన్నా. ఖర్చులు ఎంత అని అమ్మనడిగి తెలుసుకుని, నాన్న చిట్టీలు చూసి, అయిదేళ్ల లెక్క ఎక్సెల్లో వేసి, కలర్ కూడా పెట్టి, ఖమ్మంలో ప్రింట్ తీయించి, తోట దున్నిన వారానికే నాన్న ముందు పెట్టా. చివరి లైన్లో ఎర్ర అక్షరాలతో నష్టం ఎంతో. "అమ్మేసి బ్యాంకులో వేస్తే ఏం చేయకపోయినా దీనికన్నా ఎక్కువ వస్తుంది నాన్నా" అన్నా. ఏం చేయకపోయినా అన్న మాట నోట్లోంచి వచ్చేశాక గానీ నాకు వినపడలేదు. నాన్న ఆ కాగితం రెండు వైపులా చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఉగాదికి పొలం కౌలుకిచ్చేశాడు.

తర్వాత మూడేళ్లలో మా ఇద్దరి ఫోన్లు ఎలా ఉండేవంటే: బీపీ బిళ్లలు వేసుకుంటున్నావా? ఊఁ. వానలున్నాయా? ఊఁ. అమ్మకిస్తున్నా ఉండు.

జూన్ 8 ఆదివారం మృగశిర పడింది. శనివారం రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఇంట్లో ఉన్నా. మృగశిర రోజు చేపలు తినాలి కాబట్టి అమ్మ కొర్రమీను పులుసు పెట్టింది. ఆ ఏడు రోహిణిలోనే వానలొచ్చి, మృగశిర నాటికి ఎండ కాస్తోంది. "అంతా తారుమారు" అన్నాడు నాన్న, నాతో కాదు, ఆకాశంతో. సారీ ఎలా చెప్పాలో బస్సులో రిహార్సల్ వేసుకున్నదంతా మర్చిపోయా. భోజనాలయ్యాక వసారాలో మంచం మీద కూర్చుని బ్యాగులోంచి పేక తీశా. నాన్న చూసి "ఏందిరా, పేకాట నేర్చావా?" అన్నాడు. ఆట కాదని, బొమ్మలని చెప్పి, నా ఫైల్లో రెండుసార్లు వచ్చిన సెవెన్ ఆఫ్ పెంటకిల్స్ వెతికి చేతికిచ్చా. ఒక మనిషి పార మీద చేతులానించి ముందున్న పొదని చూస్తుంటాడు, పొదకి బంగారు బిళ్లలు కాసుంటాయి. పుస్తకాల్లో ఓపిక అనీ, పడ్డ కష్టాన్ని బేరీజు వేసుకోవడం అనీ రాస్తారు.

నాన్న కళ్లజోడు లేకుండా చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూశాడు.

"కాపు దండిగుంది" అన్నాడు. "కొయ్యట్లా. ఆకు కింద పురుగుందేమోనని చూస్తన్నాడు."

కాసేపు ముక్క అటూ ఇటూ తిప్పి, "నువ్వప్పుడు ఇచ్చిన కాగితంలో మందు కొట్టిన కూలి రెండుసార్లు వేశావు" అన్నాడు.

నాకు మాట రాలేదు. ఫోన్లో డ్రైవ్ తెరిచి ఆ షీటు వెతికా. నిజమే. 'స్ప్రే కూలి' అని ఒక లైను, కింద 'కూలీలు మొత్తం' లో మళ్లీ అదే. పద్నాలుగు వేల నాలుగు వందలు.

"మూడేళ్ల నుంచీ తెలుసా నీకు?"

"ఇచ్చినరోజే చూశా."

"మరి చెప్పొచ్చుగా నాన్నా."

"నువ్వేమన్నా అడిగావా?"

అడగలేదు. లైను తీసేసి కింద మొత్తం చూపించా. "తీసేసినా నష్టమే" అన్నా, ఎందుకన్నానో తెలీదు, నోరు ఊరుకోదు కదా.

"నష్టమేలే. లెక్క మాత్రం సరిగ్గా రాయి" అని ముక్క నా చేతికిచ్చి, కౌలుకి చేసే ఆయన విత్తనాలు తెచ్చాడో లేదో చూసొస్తానని చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాటి, వెనక్కి తిరిగి "వస్తావా?" అన్నాడు.

ఆఫీసు బూట్లతోనే వెళ్లా. ఆరుద్ర కార్తె 22న, అదీ ఆదివారమే. మళ్లీ వస్తానని చెప్పా.