రంగు లేని పెయింటు పని

నెల్లూరు నుంచి మైదుకూరు పోయే 67వ నంబరు జాతీయ రహదారి బద్వేలు మీదుగా పోతుంది. ఆ దారి పక్కన రేకుల షెడ్డులో బండ్లకు పెయింటింగ్ చేసే భాయ్ దగ్గరికి ఒక మడ్‌గార్డ్ పని చూడ్డానికి వెళ్లాను. బెంగళూరులో ఉద్యోగం చేసే ఈ ఊరి కుర్రవాడి బైకుదది. కార్బన్ ఫైబర్‌తో చేసింది. నల్లటి నేత నిగనిగలాడాల్సిన చోట పసుపు తిరిగి, అక్కడక్కడ తెల్లగా పొరలు లేచి ఉంది.

"కార్బన్‌కు ఏమీ కాలేదన్నా. పైనుండే బంకే చెడిపోయుండాది" అన్నాడు భాయ్.

నిజమే. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో గాలి తగలకుండా కాల్చి తీసిన పోగు అది, ఎండకు లొంగదు. ఆ పోగుల్ని పట్టి ఉంచే ఎపాక్సీ రెజిన్‌కే అతినీలలోహిత కిరణాలు పడవు. వేసవిలో 40 డిగ్రీలు దాటే కడప సీమలో బండి పొద్దంతా బయటే నిలబడితే, దానికి గొడుగు పట్టేది పైన వేసే రంగు లేని క్లియర్ కోటింగే.

పని నీళ్లతో మొదలైంది. 600 నంబరు వాటర్ పేపర్‌ను రబ్బరు దిమ్మకు చుట్టి శిష్యుడు రుద్దుతున్నాడు. నీళ్లు తెల్లగా కారినంతసేపూ భాయ్ నోరెత్తలేదు. ఒక అంచు దగ్గర నల్ల చాయ కనపడగానే "ఆపరా!" అని కేకేశాడు. తెల్లగా వస్తే పాత క్లియర్ పోతున్నట్టు, నల్లగా వస్తే పేపరు ఫైబర్‌నే కోస్తున్నట్టు. తెగిన పోగు మళ్లీ అతకదు. మామూలు పెయింటులో అయితే గుంటకు పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, రంగుతో కప్పేయొచ్చు. ఇక్కడ కప్పడానికి రంగే లేదు. సూదిమొనంత గుంటల్ని కూడా ఎపాక్సీతో నింపి, ఆరబెట్టి, మళ్లీ రుద్దారు. వదిలేస్తే అందులో చిక్కిన గాలి పైకొచ్చి క్లియర్‌ను పగలగొడుతుంది. స్ప్రే గన్ పట్టిన సేపు కంటే పేపరు పట్టిన సేపే ఎక్కువ.

డబ్బా మీదున్న లెక్క ప్రకారం రెండు పాళ్ల క్లియర్‌కు ఒక పాలు హార్డనర్ కొలిచి కలిపారు. వేడికి తగ్గట్టు నిదానంగా ఆరే రకం తీసుకున్నారు. పైపొర ముందే బిగుసుకుంటే లోపలి థిన్నర్ బయటపడలేక బొబ్బలు లేస్తాయి. దుమ్ము అణగడానికి నేలంతా నీళ్లు చల్లారు.

శిష్యుడు ముఖానికి కర్చీఫ్ కట్టుకోబోతే భాయ్ దాన్ని లాగేసి, ఆవిర్లను పట్టే కార్ట్రిడ్జి మాస్కు చేతిలో పెట్టాడు. హార్డనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా పట్టుకోవచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, తర్వాత కొంచెం సోకినా ఆయాసం వస్తుంది. కర్చీఫ్ దాన్ని ఆపదు. గుడ్డ కట్టుకుని ఇదే మందు కొడుతున్న పిల్లలు గుర్తొచ్చి నాకు కడుపు తరుక్కుపోయింది. మాస్కు ఇవ్వని షెడ్డుకు పిల్లల్ని పనికి పంపకూడదు.

మొదటి కోటు పలచగా పడింది. పదిహేను నిమిషాలు ఆగి రెండోది, మళ్లీ ఆగి మూడోది. మర్నాడు 2000 నంబరు పేపర్‌తో గరుకు తీసి, కాంపౌండ్ పెట్టి బఫింగ్ చేశారు. అంచుల్లో క్లియర్ పలచగా నిలుస్తుంది కాబట్టి అక్కడ మిషన్ ఆనించకుండా చేత్తోనే తుడిచారు.

కుర్రవాడు ఫోన్ చేస్తే భాయ్ చెప్పాడు: "వారం దాకా నీళ్లు కొట్టొద్దు నాయనా. వ్యాక్స్ నెల తర్వాతే. ఎండలో పెడితే కవరెయ్యి."