పిట్టగోడ మీద సూపర్‌మేన్

ఇద్దరు హీరోలు కలిసి చేసిన సినిమా అనగానే మనవాళ్ళు ముందు మొదలెట్టేది లెక్కలు. ఎవరి ఎంట్రీ ముందు, ఎవరికెన్ని ఫైట్లు, పోస్టర్లో ఎవరి తలకాయ పెద్దది, క్లైమాక్సులో ఎవరి దెబ్బకి విలన్ పడ్డాడు... ఎన్టీఆర్, ఏఎన్నార్ల కాలం నుంచి 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ దాకా ఇదే వరస. మా హాస్టల్లో ఈ లెక్కలు తేలక ఇద్దరు రూమ్మేట్లు నెలరోజులు మాట్లాడుకోలేదు. (అందులో ఒకణ్ణి నేనే లెండి.)

అమెరికన్ కామిక్సులో దీన్ని క్రాసోవర్ అంటారు. ఒకరి కథలోకి ఇంకొకరు రావడం అన్నమాట. 1976లో డీసీ, మార్వెల్ కంపెనీలు కలిసి సూపర్‌మేన్‌నీ స్పైడర్‌మేన్‌నీ ఒకే పుస్తకంలో దింపాయి. ఫార్ములా మనకి తెలిసిందే. ముందు అపార్థం, తర్వాత ఫైటు, ఆ తర్వాత చేతులు కలిపి విలన్ల పని పట్టడం. 1994లో అయితే ఇంకో అడుగు ముందుకేసి, కాలేజీ ఈడు కూడా రాని మన ఆర్చీ ఊరికి, తుపాకీ దించని పనిషర్‌ని పంపించారు. జోకు కాదు, నిజంగానే అచ్చేశారు!

ఈ చివరి రకం అంటే నాకు భలే ఇష్టం. పెద్ద హీరోని తీసుకెళ్ళి అతనికి బొత్తిగా సంబంధం లేని గల్లీలో నిలబెట్టడం. చాలాసార్లు అది నవ్వించడానికే. కానీ నవ్వించకుండా నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వనిది ఒకటుంది. ఈ టపా దాని గురించే.

పేరు హిట్‌మేన్. 1996 నుంచి 2001 దాకా 60 సంచికలు వచ్చిన డీసీ పుస్తకం. రాసింది గార్త్ ఎన్నిస్, బొమ్మలు జాన్ మెక్‌క్రే. ఇద్దరూ ఉత్తర ఐర్లాండు వాళ్ళు. హీరో టామీ మోనహన్ కిరాయి హంతకుడు. బాట్‌మేన్ ఉండే గోథమ్ నగరంలోనే, కాల్డ్రన్ అనే ఐరిష్ పేటలో ఉంటాడు. 1993లో డీసీ వాళ్ళు కొత్త హీరోల్ని తయారు చెయ్యాలని బ్లడ్‌లైన్స్ అని ఒక పెద్ద కథ నడిపారు. గ్రహాంతర జీవులు కరిస్తే మామూలు మనుషులకి శక్తులొస్తాయి. అలా బోలెడుమంది పుట్టారు, దాదాపు అందరూ అంతే తొందరగా మాయమయ్యారు. నిలబడ్డవాళ్ళలో ఈ టామీ ఒకడు. అవతలివాళ్ళ మనసు చదవగలడు, గోడల్లోంచి చూడగలడు. ఈ శక్తులతో ప్రపంచాన్ని కాపాడతాడా అంటే, అబ్బే. డబ్బులు తీసుకుని మనుషుల్ని చంపుతాడు. చెడ్డవాళ్ళని మాత్రమే చంపుతానని తనకి తను ఒక రూలు పెట్టుకున్నాడు. సాయంత్రమైతే బార్లో ఫ్రెండ్సుతో పేకాట.

ఆ పుస్తకంలో మిగతా శాల్తీలు ఇంకా విచిత్రం. సిక్స్‌పాక్ అనే తాగుబోతు తనని తాను సూపర్‌హీరో అనుకుని ఒక టీమ్ నడుపుతుంటాడు. ఆ టీమ్‌లో చచ్చిన కుక్కల్ని విలన్ల మొహాలకి వెల్డింగ్ చేసేవాడొకడు! పెద్ద హీరోలు ఎవరొచ్చినా ఎన్నిస్ ఆటపట్టించకుండా వదల్లేదు. బాట్‌మేన్ వస్తే టామీ ఆయన బూట్ల మీద వాంతి చేసుకుంటాడు. గ్రీన్ లాంటర్న్ వస్తే వెర్రివెంగళప్పని చేసేశాడు. 2000లో లోబో వస్తే ఇంక చెప్పక్కర్లేదు.

అలాంటి మనిషి 34వ సంచికలో సూపర్‌మేన్‌ని పిలిచాడు. 1999లో వచ్చింది. జస్టిస్ లీగ్ కార్టూన్లు చూస్తూ పెరిగినవాణ్ణి కదా, బిల్డింగులు కూలతాయేమో అనుకుని తిరగేశాను. ఏమీ కూలలేదు. ఇరవై పైచిలుకు పేజీలూ ఇద్దరు మనుషులు ఒక మేడ మీద కూర్చుని మాట్లాడుకోవడమే.

కథ ఇంతే. రాత్రి పూట టామీ ఒక మేడ ఎక్కుతాడు. అక్కడ పిట్టగోడ మీద సూపర్‌మేన్ ఒక్కడే కూర్చుని ఉంటాడు, దిగులుగా. టామీ పలకరిస్తాడు. మాటల్లో సంగతి బయటికొస్తుంది. అంతరిక్షంలో ఒక ప్రమాదం. సూపర్‌మేన్ వెళ్ళి కొందర్ని కాపాడాడు. ఒక్కణ్ణి కాపాడలేకపోయాడు. ఆ ఒక్కడూ చివరి క్షణం దాకా ఈయన్నే చూస్తున్నాడు. ఆ చూపులో భయం లేదు, నమ్మకం ఉంది. సూపర్‌మేన్ వచ్చాడు కాబట్టి ఇంక నాకేం కాదనే నమ్మకం. ఈయన్ని తినేస్తున్నది చావు కాదు, ఆ చూపు.

అప్పుడు టామీ చెప్పే మాటలే ఈ సంచికకి ప్రాణం. నీ బలం చూసి కాదయ్యా మేము నిన్ను ఇష్టపడేది అంటాడు. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళతో నిండిన దేశం ఇది, నువ్వు అందరికంటే దూరం నుంచి వచ్చావు, వచ్చి ఈ దేశం ఎలా ఉండాలని అనుకుందో అలా ఉండి చూపించావు అంటాడు. ఊరికే పొగడ్త కాదిది. 1938లో సూపర్‌మేన్‌ని పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ వలసొచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. అరవై ఏళ్ళ తర్వాత ఆ ముక్కని మళ్ళీ గుర్తుచేసింది ఉత్తర ఐర్లాండు నుంచి వచ్చిన ఒక రచయిత. ఆ ఏడాది ఉత్తమ సంచికగా దీనికి ఐస్నర్ అవార్డు కూడా వచ్చింది.

సూపర్‌మేన్ మనసు కుదుటపడుతుంది. టామీ అడిగితే ఆటోగ్రాఫ్ ఇచ్చి ఎగిరిపోతాడు. ఆయన వెళ్ళాక టామీ, అసలు తను ఆ మేడ ఎందుకెక్కాడో ఆ పని కానిస్తాడు. తుపాకీ తీసి, ఎదురుచూస్తున్న మనిషిని కాల్చేస్తాడు.

సరే, ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే...

ఈ పుస్తకం నేను చదివింది ఈ మధ్యే, మా ఆఫీసులో ఒక చెడ్డ వారం గడిచాక. మా టీమ్‌లో ఒక కుర్రాడుండేవాడు. శ్రీకాకుళం జిల్లా. వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చింది, నెలజీతం చూసింది వాడే మొదలు. చేరిన రోజు నుంచీ నన్ను 'అన్నా' అనేవాడు. కోడ్ రివ్యూలో పదిహేను తప్పులు పట్టినా 'సరే అన్నా' అని రాత్రికల్లా దిద్ది పంపేవాడు. పక్క ప్రాజెక్టులో కొంతమందిని తీసేశారని తెలిసిన రోజు, కాంటీన్‌లో టీ తాగుతూ అడిగాడు. మనకేం ఫర్వాలేదు కదన్నా అని. నేను వాడి భుజం మీద చెయ్యేసి, నేనున్నా కదరా, నువ్వు పని చూసుకో అన్నాను.

మూడు వారాలకి వాడికి పదిహేను నిమిషాల మీటింగు పిలుపొచ్చింది. ఎజెండా లేదు. మనందరికీ తెలుసుగా, ఎజెండా లేని మీటింగంటే ఏమిటో. గాజు గదిలోకి వెళ్ళేముందు వాడు వెనక్కి తిరిగి నా సీటు వైపు చూశాడు. భయపడుతున్న మొహం కాదది. అన్నకి తెలుసు, అన్న చూసుకుంటాడు అన్నట్టు ఉంది. నేను మానిటర్లోకి చూస్తూ కూర్చున్నాను. స్క్రీన్ మీద ఏముందో ఇప్పటికీ గుర్తులేదు.

అందుకే ఆ 34వ సంచిక మొదటిసారి చదివినప్పుడు ఏడుపొచ్చింది. పిట్టగోడ మీద కూర్చున్నది నేనే అనుకున్నాను. ఎగరడం ఒక్కటే తక్కువ. కొలీగ్సు కూడా టామీ చెప్పినట్టే చెప్పారు. నీ చేతుల్లో ఏముంది, నువ్వు చెయ్యగలిగింది చేశావు, నీలాంటి లీడ్ దొరకడం వాడి అదృష్టం అని. వినడానికి హాయిగా ఉంది. రెండు రోజులు ఆ హాయిలోనే ఉన్నాను.

మూడో రోజు మళ్ళీ చదివాను. ఈసారి నా కళ్ళు సూపర్‌మేన్ మీద ఆగలేదు. తుపాకీ మీద ఆగాయి.

ఎందుకంటే మీకు ఒక ముక్క చెప్పలేదు. కాంటీన్‌లో ఆ టీ తాగడానికి నాలుగు రోజుల ముందు, మా టీమ్ పేర్లన్నీ వరసగా పెట్టి ఒక ఎక్సెల్ షీటు పంపమన్నారు. ఉత్త ఫార్మాలిటీ అన్నారు. ఎంత ఫార్మాలిటీయో నాకు తెలియక కాదు. కొత్తవాడు, ఇంకా బిల్లింగ్‌లోకి రాలేదు అని వాణ్ణి అడుగునుంచి రెండో పేరుగా పెట్టి, సెండ్ నొక్కింది నేనే. భుజం మీద చెయ్యేసినప్పటికే ఆ మెయిల్ వెళ్ళిపోయి నాలుగు రోజులు. 'నేనున్నా కదరా' అన్నప్పుడు నేను అబద్ధం చెప్పాననుకోను. వాడంటే నాకు నిజంగానే ఇష్టం. టామీకి కూడా సూపర్‌మేన్ అంటే నిజంగానే ఇష్టం. కష్టమంతా అక్కడే ఉంది.

మన అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ గుర్తుందా? చూపుతో కొంగని మాడ్చేసిన కౌశికుడనే తపస్వి, చివరికి మిథిలలో మాంసం అమ్ముకునేవాడి దగ్గరికెళ్ళి ధర్మం నేర్చుకుంటాడు. ఆలోచిస్తే అదీ ఒక క్రాసోవరే. పెద్ద కథలోంచి ఒకడు, అంగట్లోంచి ఒకడు. మంచిమాట ఎక్కణ్ణుంచైనా రావచ్చనే దానికి చిన్నప్పుడు తాతయ్య ఈ కథే చెప్పేవాడు. టామీని ధర్మవ్యాధుడితో పోల్చి ఒక మంచి వ్యాసం రాసేద్దామని కూడా అనుకున్నాను. కుదరలేదు. ధర్మవ్యాధుడు కౌశికుడికి మొదట కనిపించిందే కొట్టులో, మాంసం అమ్ముతూ. తన పనేమిటో దాచలేదు. టామీ దాచాడు. ఇద్దరి మాటలూ మంచివే. తేడా ఆ దాచడంలోనే ఉంది.

ఎన్నిస్‌కీ ఇది తొలిచినట్టుంది. సిరీస్ అయిపోయాక, 2007లో, జేఎల్ఏ-హిట్‌మేన్ అని రెండు సంచికలు రాశాడు. బొమ్మలు మళ్ళీ మెక్‌క్రేవే. చంద్రుడి మీదున్న జస్టిస్ లీగ్ స్థావరానికి టామీ వెళ్తాడు. అక్కడ సూపర్‌మేన్‌కి తెలిసిపోతుంది, ఆ రాత్రి మేడ మీద తనని ఓదార్చినవాడు ఎవడో. పైగా అక్కడ హీరోల శక్తులు పోయి, ప్రాణాంతకమైన బ్లడ్‌లైన్స్ జీవులు దాపురిస్తే, తేల్చాల్సిన పని టామీ తుపాకీ మీదే పడుతుంది. ఆ చంపడాన్ని సూపర్‌మేన్ ఒప్పుకోలేడు. అలాగని ఆ రాత్రి విన్న మాటలు వినలేదని అనలేడు. ఎవరు గెలిచారు అనే లెక్క ఇక్కడ కుదరదు. మంచి క్రాసోవర్ అంటే నా దృష్టిలో ఇదీ. పెద్దాయన గల్లీలోకి రావడం ఒక్కటే కాదు, గల్లీవాడు చేసే పని పెద్దాయన కళ్ళపడటం కూడా.

మొదటి సంచిక దగ్గర ఆగిపోతే నాకు సుఖంగానే ఉండేది. రెండోది చదివాక ఆగలేకపోయాను.

మొన్న ఆదివారం వాడికి ఫోన్ చేశాను. నెల దాటింది మాట్లాడి. మూడో రింగుకే ఎత్తి, 'చెప్పన్నా' అన్నాడు, ఏమీ జరగనట్టు. ఇంటర్వ్యూల గురించి చెప్పాడు. విశాఖలో ఒకటి రెండో రౌండు దాకా వెళ్ళిందట. నేను అసలు విషయం చెప్పడానికి పదినిమిషాలు పట్టింది. ఆ షీటు నేనే పంపాను, నీ పేరు కింద పెట్టింది నేనే, కాంటీన్‌లో నీతో మాట్లాడేటప్పటికే పంపేశాను అని చెప్పాను. సారీ అని కూడా అన్నాననుకుంటా.

అవతల్నుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు. ఫ్యాన్ చప్పుడు, ఎక్కడో కోడి.

'మీరు ఆ రోజు అన్నారు కదన్నా, నేనున్నాను అని. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. అక్కడ మనకి ఒక అన్న ఉన్నాడమ్మా అని. ఇప్పటికీ ఆ అన్న ఎలా ఉన్నాడు అని అడుగుతాది' అన్నాడు.

నాకేం మాట్లాడాలో తెలీలేదు.

'ఈ మాట అమ్మకి చెప్పనులే అన్నా' అన్నాడు. కాసేపాగి, రెజ్యూమె పంపుతాను, ఒకసారి చూసి పెట్టండి అన్నాడు.

రాత్రి వచ్చింది. పదిహేను తప్పులు లేవు, నాలుగే ఉన్నాయి. దిద్ది పంపాను. 'నేనున్నాను' అని మాత్రం రాయలేదు.